సార్ భోజనం సరే.. బిల్లు ఎవరిది?

బీటెక్ పూర్తయింది. ఉద్యోగమూ వచ్చింది. మొదటి వారంలోనే మీ మీద పడే పెద్ద బాధ్యత ఏంటో తెలుసా? కోడింగ్ కాదు, ఫైళ్లూ కాదు. ‘తమ్ముడూ, సార్‌కి భోజనం సంగతి చూడు.’ అంతే!

విశాఖలో ఐటీ ఉద్యోగమైతే ఫోన్‌లో స్విగ్గీ తెరిస్తే సరి. అదే పార్వతీపురం మన్యం జిల్లా పాచిపెంట మండలంలో, కొండ మీది సచివాలయంలో మీ పోస్టింగ్ అనుకోండి. పైఅధికారి తనిఖీకి వస్తున్నారు. కూరలో కారం ఉండకూడదు, అన్నం పొగలు కక్కాలి, ఒంటిగంటకల్లా బల్ల మీదుండాలి. అక్కడ డెలివరీ బాయ్ మీరే. బండీ మీదే, పెట్రోలూ మీదే. సాలూరులో పార్సిల్ కట్టించుకుని మలుపులన్నీ ఎక్కి వచ్చేసరికి కూర చల్లారితే మాట పడేదీ మీరే.

భోజనం తెప్పించడం చిన్నతనం అని నేననను. కొండ గూడెంలో ఏ ఇంటికెళ్లినా చోడి అంబలి చేతికిస్తారు. అది మర్యాద. అయితే మర్యాదలో ఇచ్చేవాళ్లకి ‘ఈసారి కుదర్లేదండీ’ అనే వీలుంటుంది. బాస్ ముందు ఆ వీలు లేదు. అసలు చిక్కు అక్కడే.

లెక్క చూద్దాం. 2019 అక్టోబర్ 2న రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. ఇంజినీరింగ్, డిప్లొమా చదివినవాళ్లు ఎందరో డిజిటల్ అసిస్టెంట్లుగా చేరారు. ప్రొబేషన్‌లో జీతం నెలకు 15,000 రూపాయలు. అంటే రోజుకి 500. నలుగురు అధికారులకి తలా 250 రూపాయల బిర్యానీ తెప్పించి, ఆ డబ్బు తిరిగి రాలేదనుకోండి. మీ రెండు రోజుల కష్టం ఆ విస్తళ్లలో పోయినట్టే. ‘వెయ్యేగా’ అనుకునేది తిన్నవాళ్లు. ఇంటి అద్దె, చెల్లి ఫీజు కట్టాల్సింది మీరు.

ఇది మన దగ్గరే ఉన్న బాధ కాదు. దక్షిణ కొరియాలో 2019 జులై 16 నుంచి ఆఫీసు వేధింపుల మీద చట్టం అమల్లో ఉంది. కింది ఉద్యోగితో పదేపదే సొంత పనులు చేయించుకోవడాన్నీ అక్కడి కార్మిక శాఖ వేధింపుల ఉదాహరణల్లో చేర్చింది. మనం చట్టం దాకా వెళ్లక్కర్లేదు. ముందు నోరు తెరిచి అడగడం నేర్చుకోవాలి.

ఎలా అంటారా? కొత్త ప్రాజెక్టు చేతికొస్తే ముందు ఏం కావాలో రాసుకుంటాం కదా, ఇదీ అంతే. ఎంతమంది, వెజ్జా నాన్‌వెజ్జా, ఎన్నింటికి, డబ్బు ఎక్కణ్నుంచి? ఈ నాలుగూ ఒక్క మెసేజ్‌లో అడగండి. ‘ఏం కావాలి సార్?’ అని వదిలేస్తే ఆ కొండ మీద దొరకనివన్నీ అడుగుతారు. ‘ఇక్కడ ఈ రెండే దొరుకుతాయి సార్, ఏది చెప్పమంటారు?’ అనండి. డబ్బు మాట ఎత్తడానికి మొహమాటంగా ఉందా? ‘బిల్లు ఎవరి పేరున రాయించమంటారు సార్?’ అంటే చాలు. ఎవరికీ తప్పుగా అనిపించదు, అడగాల్సింది అడిగినట్టే. బిల్లు ఫొటో తీసి అదే మెసేజ్ కింద పెట్టండి.

అడిగితే ప్రొబేషన్ ఫైలు మీద సంతకం ఆగిపోతుందనే భయం ఉత్తది కాదు. అందుకే ఒక్కరే అడగొద్దు. ఆఫీసులో అందరూ కలిసి మాట్లాడుకోండి, వంతులు వేసుకోండి. ప్రతిసారీ చిన్నవాడి మీదో, ఆడపిల్ల మీదో ఈ పని పడకుండా చూడండి.

ఇంకో పదేళ్లకి మీరూ ఆ కుర్చీలో కూర్చుంటారు. మీ కోసం భోజనం తేవడానికి ఓ కుర్రాడు బండి తీస్తాడు. బిర్యానీలో ముక్కలెన్నని అడిగే ముందు, డబ్బులు వాడి చేతిలో పెట్టండి.