‘అక్కడే ఉంటా’నన్న మాట మీదే అప్పు

డిగ్రీ చేతికొచ్చి హైదరాబాద్‌లో వాకిన్లకు తిరుగుతున్న మీలో చాలామంది ‘యూఎస్ మార్ట్‌గేజ్ ప్రాసెస్’ అన్న మాట వినే ఉంటారు. అమెరికాలో ఎవరో ఇంటి లోన్‌కు దరఖాస్తు పెడితే, ఆ కాగితాలు సరిచూసే పనిలో కొంత ఇక్కడి ఆఫీసుల్లో, ఎక్కువగా నైట్ షిఫ్టుల్లో నడుస్తుంది. ఇంటర్వ్యూ కోసం నలభై పదాలు బట్టీ కొడుతుంటారు. వాటికంటే ఒక్క ప్రశ్నను లోతుగా అర్థం చేసుకోవడం మేలంటాం: కొనే మనిషి ఆ ఇంట్లో ఉంటాడా, ఉండడా?

ముందు ఒక తికమక తీరాలి. మన దగ్గర డూప్లెక్స్ అంటే లోపలే మెట్లున్న రెండంతస్తుల ఇల్లు. అక్కడ రెండు కుటుంబాలు విడివిడిగా ఉండే రెండు పోర్షన్ల ఇల్లు. నాలుగు పోర్షన్ల దాకా ఉన్న భవనానికి అక్కడ మామూలు ఇంటి లోనే ఇస్తారు. ఒక పోర్షన్‌లో తాముండి, మిగతావి అద్దెకిచ్చి, ఆ డబ్బుతో వాయిదా కట్టుకుంటారు. కింద ఓనరు, పైన అద్దెవాళ్లు ఉండే మన వీధులకు ఇదేం కొత్త కాదు.

లెక్క చూడండి. డూప్లెక్స్ ధర 4 లక్షల డాలర్లు అనుకుందాం. తానుండటానికి కొంటే, ప్రభుత్వ సంస్థ ఎఫ్‌హెచ్‌ఏ బీమా ఉన్న లోన్‌లో, క్రెడిట్ స్కోరు 580 ఉన్నవారికి డౌన్ పేమెంట్ 3.5 శాతం. అంటే 14,000 డాలర్లు. ఫానీ మే నిబంధనల్లో 2023 నవంబరు నుంచి 5 శాతం, 20,000. అదే ఇల్లు పూర్తిగా అద్దెల కోసమే కొంటే ఫానీ మే అడిగేది 25 శాతం. లక్ష డాలర్లు! వడ్డీ కూడా ఎక్కువే. చేతిలో డబ్బు ఆడనప్పుడు మనిషి తానున్న ఇంటి వాయిదా ఎలాగోలా కడతాడు, అద్దెకిచ్చిన ఇంటిని ముందు వదిలేస్తాడని బ్యాంకు భయం.

అబద్ధం పుట్టేది ఈ తేడాలోనే. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ తీసుకుంటే 60 రోజుల్లో ఇంట్లో చేరాలి, కనీసం ఏడాది ఉండాలి. ఉండే ఉద్దేశం లేకుండా ఉంటానని సంతకం పెడితే ఫెడరల్ నేరం. గరిష్ఠ శిక్ష 30 ఏళ్ల జైలు, 10 లక్షల డాలర్ల జరిమానా. అంత శిక్ష పడటం అరుదే కావొచ్చు, అప్పంతా ఒక్కసారే కట్టమని బ్యాంకు అడగడానికి మాత్రం దారి ఉంటుంది. అలాగని ఇల్లు ఖాళీ చేసిన ప్రతివాడూ మోసగాడు కాదు. చేరిన నాలుగు నెలలకు ఉద్యోగం వేరే రాష్ట్రానికి మారితే అది వేరే సంగతి. చూసేది సంతకం పెట్టిన రోజు ఉన్న ఉద్దేశాన్ని.

ఉద్దేశాన్ని ఎలా చూస్తారు? మీ పని అక్కడే మొదలవుతుంది. ఉద్యోగం ఒక రాష్ట్రంలో, ఇల్లు మరో రాష్ట్రంలో. ఇన్సూరెన్సు చూస్తే అద్దెకిచ్చే యజమానుల పాలసీ. ఇప్పుడున్న పెద్ద ఇల్లు అమ్మకుండానే, కుటుంబమంతా చిన్న పోర్షన్‌లోకి మారతామంటారు. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిస్తే మాత్రం ఆగి అడగాల్సిందే. టిక్కు పెట్టి తోసేస్తే రోజు టార్గెట్ పూర్తవుతుంది. ఆడిట్‌లో బయటపడితే ఆ ఫైలు మీద ఉండేది మీ లాగిన్ ఐడీ.

ఇంకో సంగతి. అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్న మీ అన్నయ్యో అక్కో డూప్లెక్స్ గురించి అడిగితే, 2025 మే 25 నుంచి శాశ్వత నివాసం లేనివారికి కొత్తగా ఎఫ్‌హెచ్‌ఏ లోన్ లేదని చెప్పండి. ఫానీ మే దారి వేరు, చట్టబద్ధంగా ఉంటున్నవారికి అది తెరిచే ఉంది. పాత యూట్యూబ్ వీడియోలు చూసి అడ్వాన్సులు ఇవ్వొద్దనండి.

ఇంటర్వ్యూ చివర్లో ‘ఏమైనా అడగాలా’ అంటారు కదా, జీతం ఒక్కటే అడిగి లేవకండి. అనుమానం వచ్చిన ఫైలు ఎవరికి పంపాలి, దాని కోసం పట్టిన సమయాన్ని టార్గెట్‌లో కోస్తారా అని అడగండి.