ఆది జాకెట్టు

ఛత్తీస్‌గఢ్‌లోని గీదంలో మా కుట్టు దుకాణానికి రెండేళ్లుగా ఒక హిజ్రా వస్తోంది. నన్ను దీదీ అంటుంది. మాది బొబ్బిలి అని తెలిశాక, విశాఖ రైల్లో నేర్చుకున్న తెలుగు ముక్కలు కలిపి మాట్లాడుతుంది. మొదటిసారి ఆది జాకెట్టు గుమ్మంలోంచే అందించి వెనక్కి జరిగింది. చంక దగ్గర పిగిలిపోతే చేత్తో వేసుకున్న టాకాలు కనిపిస్తున్నాయి. లోపలికి పిలిచి భుజం మీద టేపు పెట్టాను. ఊపిరి బిగబట్టేసింది. అంతవరకూ ఏ దర్జీ తన ఒంటికొలత తీయలేదట.

ఈ గీదం మీదుగా పోయే కొత్తవలస–కిరండూల్ లైను వేసిందే బైలడిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు నుంచి జపాన్‌కు పంపడానికి. ఇప్పుడు జపాన్ సినిమాలు మా అబ్బాయి ఫోన్లోకి వస్తున్నాయి. చీకటి సందులు, బార్లు, యాకూజా ముఠాల కత్తులు. వాటిలో ట్రాన్స్‌జెండర్ పాత్ర కనబడిందంటే నాకు ముందే గుండె దడ. తన్నులు తింటుంది, లేదా చస్తుంది. నేరం కథ కాకపోయినా అంతే. ‘మిడ్‌నైట్ స్వాన్’ (2020)లో నగిసా ఒక పిల్లను చేరదీసి, దాని నాట్యం కోసం తాపత్రయపడి, చివరికి చనిపోతుంది. ఆ వేషం కట్టింది మగ నటుడు కుసనాగి త్సుయోషి. ‘టోక్యో గాడ్‌ఫాదర్స్’ (2003)లో హానా మాత్రం చెత్తలో దొరికిన పసిబిడ్డను గుండెకు హత్తుకుంటుంది, బతికే ఉంటుంది. నాకు నచ్చింది ఆమే.

మన తెలుగు సినిమాల్లో ఏళ్ల తరబడి చూసింది వెకిలి నవ్వులే. వాటికన్నా జపాన్ వాళ్ల నెత్తురు నయం, కనీసం నొప్పి ఉందని ఒప్పుకుంటుంది. కానీ అసలు నేరం కత్తితో జరిగేది కాదు. అద్దెకు గది లేదనడం నేరం. ట్రాన్స్‌జెండర్ మీద లైంగిక దాడికి 2019లో చేసిన చట్టం పెట్టిన గరిష్ఠ శిక్ష 2 ఏళ్లు, స్త్రీ మీద అత్యాచారానికి కనీస శిక్షే 10 ఏళ్లు. ఒంటికి తగిలే దెబ్బలో తేడా ఏముందని ఈ తేడా?

గీదం ఉన్న ఈ బస్తర్ ప్రాంతంలోనే 2022లో ‘బస్తర్ ఫైటర్స్’ పోలీసు దళానికి ఎంపికైన 2,100 మందిలో 9 మంది ట్రాన్స్‌జెండర్లు. అంటే నేర కథలో శవంగానే కాదు, కేసు పట్టుకునే కానిస్టేబుల్‌గానూ వాళ్లు ఉన్నారు.

మన దర్శకులను అడుగుతున్నాను. ఆ కానిస్టేబుల్ కథ తీయండి. వేషం ట్రాన్స్‌జెండర్ నటికే ఇవ్వండి. చివరి రీలుదాకా ఆమెను బతకనివ్వండి.