అప్పుడప్పుడూ సినిమా చూసేవాడి అభిప్రాయాలు

నేను సినిమా పండితుణ్ణి కాను. ఏడాదికి ఐదారు చిత్రాలు చూస్తే ఎక్కువ. ఏ చిత్రం ఎన్ని కేంద్రాలలో ఎన్ని రోజులు ఆడిందో చెప్పలేను. ఏ కథానాయకుడికి ఎవరు పోటీయో తెలియదు, తెలుసుకోవాలన్న ఆసక్తీ లేదు. అయినా ఇది వ్రాస్తున్నాను. కారణం చెబుతాను.

సినిమా గురించి గట్టిగా మాట్లాడేవారిలో నాకు రెండు వర్గాలే కనబడుతున్నాయి. మొదటివారు అభిమానులు. తమ కథానాయకుడు నటించినదల్లా వారికి కళాఖండమే. రెండవవారు విమర్శకులు. వారికి పరభాషా చిత్రాలే కొలబద్దలు. వీరిద్దరి మధ్యా నోరు మెదపని మూడవ వర్గం ఒకటుంది. పండక్కో పబ్బానికో పెళ్ళాంపిల్లలతో వెళ్ళి, మూడుగంటలు కూర్చుని, బాగుంటే నలుగురికి చెప్పి, బాగోకపోతే డబ్బు పోయిందనుకొని ఊరుకునే జనం వీరు. పరిశ్రమ నాలుగు కాలాలపాటు నిలిచేది వీరి డబ్బుతోనే. వీరి మాట మాత్రం ఎక్కడా వినబడదు. నేను ఆ వర్గంవాణ్ణి.

"సినిమా తీయడం చేతకానివాడికి అభిప్రాయాలెందుకు?" అనేవారికి మా చీరాలలో జవాబుంది. మాది నేతపని మీద బ్రతికిన ఊరు. చీర కొనవచ్చిన ఇల్లాలికి మగ్గంలో కూర్చోవడం రాదు. పడుగేదో పేకేదో ఆమెకు తెలియకపోవచ్చు. కానీ కొంగును వేళ్ళ మధ్య పట్టి ఒక్కసారి నలిపిందంటే, ఆ గుడ్డ ఎన్ని ఉతుకులకు నిలుస్తుందో ఇట్టే చెప్పేస్తుంది. దుకాణదారు ఆమెను "నీకు నేయడం వచ్చునా?" అని అడగడు. అడిగితే బేరం పోతుంది.

పైగా మా ప్రాంతంవారికి సినిమా ఎక్కడో దూరాన ఉన్న వింత కాదు, బంధువులింటి సంగతి. విజయా వారి చిత్రాల వెనుక ఉన్న చక్రపాణిది తెనాలి. కథానాయకుడు కృష్ణది ఆ ప్రక్కనే బుర్రిపాలెం. గుమ్మడిది రావికంపాడు, జగ్గయ్యది మోరంపూడి. కె. విశ్వనాథ్ పుట్టినది రేపల్లె తాలూకా పెదపులివర్రులో. నిర్మాత రామానాయుడిది మా చీరాలకు కూతవేటు దూరంలోని కారంచేడు. రంగస్థలం మీద సత్యభామగా జనాన్ని ఉర్రూతలూగించిన స్థానం నరసింహారావు బాపట్లవారు. కాబట్టి నలుగురు కూర్చున్నచోట వానల సంగతి, ధరవరల సంగతి అయిపోయాక సినిమా సంగతి రావడం ఇక్కడ సహజం.

ఇక నా కొలత చెబుతాను. పౌరాణికమా, జానపదమా, హాస్యమా, భయానకమా అన్నది నాకు ముఖ్యం కాదు. ఏ చిత్రమైనా మొదటి అరగంటలో ప్రేక్షకుడికి ఒక మాట ఇస్తుంది. "నా లోకం ఇది, ఇందులో నియమాలు ఇవి" అంటుంది. చివరిదాకా ఆ మాట మీద నిలబడితే మంచి చిత్రం. మధ్యలో మాట తప్పితే, ఎంత ఖర్చుపెట్టి తీసినా అది నాసిరకం సరుకే.

పౌరాణికాలతో మొదలుపెడతాను. 1957 నాటి మాయాబజార్ భారతకథే, కానీ అందులో పాండవులు తెరమీద కనబడరు. శశిరేఖ కథ వ్యాసభారతంలో లేనే లేదు. అయినా దానిని కల్పన అని త్రోసివేసిన తెలుగువాడిని నేను చూడలేదు. ఎందుచేత? అందులోని యాదవుల ఇల్లు మన ఇల్లు. సంపద పోయిన చుట్టాలను చిన్నచూపు చూసే అత్తగారు, మాట ఇచ్చి వెనక్కి తగ్గే పెద్దమనిషి, నడుమ నలిగిపోయే పిల్ల. వీరు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వంటకాల ప్రస్తావనలో గోంగూర కూడా వస్తుంది. దేవతలను మన వంటింటిదాకా తీసుకువచ్చి, అక్కడ కూడా వారి గౌరవం తగ్గకుండా చూడటం మాటలు కాదు. 2023లో వచ్చిన ఆదిపురుష్ చూసినప్పుడు నాకు లోటనిపించింది ఇదే. కంప్యూటరు బొమ్మలకు కొదవ లేదు, కానీ ఆ రాముడిలో నాకు ఒక కొడుకు గానీ, ఒక అన్న గానీ కనబడలేదు. దైవత్వం రావలసినది ఆ మనిషితనంలోంచే.

1977లో వచ్చిన దానవీరశూరకర్ణ సంగతి వేరు. దాదాపు నాలుగు గంటల చిత్రం. రామారావు తానే దర్శకుడై, మూడు పాత్రలు తానే ధరించారు. నిడివి ఎక్కువని నేనూ అంటాను. కానీ పద్యనాటకాలు చూసి పెరిగిన మా ప్రాంతంలో అది ఎవరికీ బరువు కాలేదు. కొండవీటి వెంకటకవి వ్రాసిన సంభాషణలు చదువురానివారి నోట కూడా పలికాయి. "ఇది నాటకం, కూర్చుని వినండి" అని ఆ చిత్రం మొదటే చెప్పింది, అలాగే సాగింది.

జానపదాల విషయంలో నాకొక పట్టింపు ఉంది. 1951 నాటి పాతాళభైరవిలో తోటరాముడు తోటమాలి కొడుకు. రాజకుమార్తెను కోరాడు. మాంత్రికుడి వెంట నడిచాడు, ప్రాణానికి తెగించాడు, చివరికి ఆమెను పెళ్ళాడాడు. అప్పటికీ వాడు తోటమాలి కొడుకే. ఏ మునీశ్వరుడూ వచ్చి "నీవు నిజానికి ఫలానా మహారాజు బిడ్డవు" అని చెప్పడు. 2015లో వచ్చిన బాహుబలి కూడా జానపదమే, నేను రెండుసార్లు చూశాను, జలపాతం ఎక్కే ఘట్టానికి నోరు తెరిచాను. కానీ గూడెంలో పెరిగిన శివుడు అంత బలవంతుడు కావడానికి కారణమేమిటంటే, వాడు రాజుగారి బిడ్డ. కట్టప్ప అంతటి వీరుడికేమో తరతరాల దాస్యం తప్పలేదు. 64 ఏళ్ళలో మన జానపద కథానాయకుడు తోటలోంచి కోటలోకి వెళ్ళిపోయాడు. ప్రతిభ రక్తంలో వస్తుందని తెర చెప్పడం, ఆ తెర మీద వారసులే ఎక్కువగా కనబడటం, ఈ రెండూ ఒకేకాలంలో జరగడం నాకు కాకతాళీయంగా తోచదు.

కౌబాయ్ చిత్రాల మీద పండితులకు చిన్నచూపు. నాకు లేదు. 1971లో మోసగాళ్ళకు మోసగాడు వచ్చింది. ఆరుద్ర కథ వ్రాశారు. బుర్రిపాలెం బుల్లోడు టోపీ పెట్టుకొని, నడుముకు తుపాకి కట్టి, ఎడారిలో గుర్రం తోలాడు. కృష్ణా డెల్టాలో ఎడారి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నిధి వేట అన్నారు, నిధి వేటే చూపించారు. నమ్మశక్యం కాని లోకాన్ని కూడా నియమం తప్పకుండా నడిపితే ప్రేక్షకుడు నమ్మడానికి సిద్ధంగానే ఉంటాడు. 1991లో ఆదిత్య 369 కూడా అంతే. కాలయంత్రం ఎక్కించి కృష్ణదేవరాయల కొలువుకు తీసుకువెళ్ళారు. పిల్లలకు అర్థమయింది, పెద్దలకూ అర్థమయింది. యంత్రం ఎలా పనిచేస్తుందని ఉపన్యాసం ఇవ్వలేదు.

హాస్యానికి వస్తే నాకు జంధ్యాలే ప్రమాణం. 1987 నాటి అహ నా పెళ్ళంట రామానాయుడు నిర్మించినదే. కోట శ్రీనివాసరావు పోషించిన పిసినారి, కోడిని వ్రేలాడదీసి దానిని చూస్తూ వట్టి అన్నం తినే దృశ్యం తెలియని తెలుగువారు అరుదు. అక్కడ మనం నవ్వేది మనిషి గుణాన్ని చూసి. వాడి లావును చూసో, రంగును చూసో, కులవృత్తిని చూసో కాదు. తరువాతి కాలంలో మన హాస్యం చెంపదెబ్బల మీదా, ఒంటి తీరు మీదా బ్రతకడం నేర్చింది. ప్రక్క సీటులో లావుపాటి పిల్ల కూర్చుని ఉన్నప్పుడు అలాంటి మాటకు హాలంతా నవ్వుతుంటే, ఆ నవ్వు నవ్వులా వినబడదు. 2021లో జాతిరత్నాలు చూసి తేలికపడ్డాను. ముగ్గురు అమాయకుల తెలివితక్కువతనమే అందులోని సరుకు. ఎవరినీ నొప్పించకుండా న్యాయస్థానంలో కూడా నవ్వించవచ్చునని తేలింది.

భయానక చిత్రాలు నేను తక్కువ చూస్తాను, భయం చేత. చూసినవాటిలో వంశీ తీసిన అన్వేషణ (1985) మరచిపోలేను. ముఖాలకు రంగులు పూసి భయపెట్టలేదు. అడవి, నిశ్శబ్దం, ఇళయరాజా సంగీతం చాలాయి. 2022లో వచ్చిన మసూద కూడా నాకు నచ్చింది. భర్త అండలేని ఒక తల్లి, ఆమె కూతురు, భయస్థుడైన పొరుగింటి కుర్రవాడు. దెయ్యం రాకముందే ఆ ఇంటి కష్టం మనకు పట్టుకుంటుంది. దెయ్యం వచ్చాక భయపడేది ఆ మనుషుల కోసం.

హింసాత్మక చిత్రాల సంగతి ఒక్క మాటలో చెప్పవచ్చు. 1989లో శివ వచ్చినప్పుడు యువతను చెడగొడుతుందన్నారు. కానీ ఆ చిత్రంలో హింసకు ధర ఉంది. శివ వేసిన ప్రతి అడుగుకూ వాడి ఇంట్లోవారు మూల్యం చెల్లించారు, పసిబిడ్డతో సహా. ఇప్పటి చిత్రాలలో వందమంది కూలిపోయినా కథానాయకుడి చొక్కా నలగదు. మొదటిది హింసను గురించిన చిత్రం. రెండవది లెక్కల పుస్తకం.

ఇక నేతగాళ్ళ ఊరివాడిగా నేను ఎదురుచూసి చూసిన చిత్రం 2019 నాటి మల్లేశం. ఆసుయంత్రం కనిపెట్టిన చింతకింది మల్లేశం జీవితకథ. చీర ఒక్కటి నేయడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ వేలసార్లు చేత్తో త్రిప్పి త్రిప్పి తల్లి భుజం పడిపోతుంటే, ఆ కొడుకు చూడలేకపోయాడు. అదే కథ. అది తెలంగాణ ఇంటి కథే అయినా మాకు పరాయిది కాదు. చీరాల తేలియా రుమాళ్ళు కూడా దారానికి ముందే కట్లు కట్టి రంగులద్ది నేసినవే, ఒకప్పుడు సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు వెళ్ళినవే. ఆ చిత్రంలో విలన్ లేడు. నొప్పి ఉంది, దానికి విరుగుడు వెతకడం ఉంది. మన తెరకు అది చాలదన్న అపోహను ఆ చిత్రం పోగొట్టింది. కానీ చూడవలసినంతమంది చూశారని నేను అనుకోను.

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. ఏ కోవ చిత్రమూ మననుంచి పోలేదు, వాటిని నిదానంగా చూసే వ్యవధి పోయింది. 1980 ఫిబ్రవరి 2న శంకరాభరణం విడుదలైంది. కథానాయకుడు పేరున్న నటుడు కాదు, వయసు మళ్ళినవాడు. కథ శాస్త్రీయ సంగీతం. మొదట్లో హాళ్ళు పలచగానే ఉన్నాయి. చూసినవారు ఇంటికి వెళ్ళి చెప్పారు, విన్నవారు బయలుదేరారు, అలా నిండింది. ఆ నింపినవారు అభిమాన సంఘాలవారు కారు, మా వర్గంవారు. ఇవాళ శుక్రవారం వచ్చిన చిత్రానికి సోమవారమే తీర్పు. మొదటి మూడు రోజులలో చూడగలిగేది అభిమాని ఒక్కడే, కనుక తీసేవారూ అతని కోసమే తీస్తున్నారు. పౌరాణికమైనా, హాస్యమైనా, భయానకమైనా చివరికి కథానాయకుడు నడిచివచ్చే దృశ్యాల చుట్టూ తిరిగి ఒకే చిత్రంగా మారడానికి కారణం ఇదే. విశ్వనాథ్ 2023లో కన్నుమూశారు, అదీ ఫిబ్రవరి 2నే. శంకరాభరణం వంటి చిత్రం ఇప్పుడు వస్తే, మా చెవిన పడేలోపు హాలులోంచి తీసివేస్తారేమోనన్నది నా భయం.

ఈ ఒక్క కథానాయకుడి పిచ్చి మనకు ఎంత నష్టం చేస్తున్నదో చెప్పడానికి మా ఊరి చరిత్రే చాలు. బ్రిటిషు పాలనలో చీరాల పేరాలలను కలిపి పురపాలక సంఘం చేశారు. పన్నులు పెరిగి బీదజనం నడుం విరిగింది. 1921లో ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద జనం ఇళ్ళకు తాళాలు వేసి ఊరు విడిచిపెట్టారు. రాయి విసరలేదు, కర్ర ఎత్తలేదు. ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకొని, ఎండకు ఎండి వానకు తడిసి, దాదాపు 11 నెలలు గడిపారు. గోపాలకృష్ణయ్య జైలుకు వెళ్ళారు. జనం చివరికి ఇళ్ళకు తిరిగి వచ్చారు.

ఇంతటి కథను మన వెండితెర మీద నేను చూడలేదు. 2022లో ఆర్.ఆర్.ఆర్. చూసి చప్పట్లు కొట్టినవారిలో నేనూ ఉన్నాను. కానీ ఇద్దరు వీరులు తెల్లవాడి కోటను తగులబెట్టడం ఊహించడానికి కోట్లు సమకూరుతాయి. నిజంగా జరిగిన దానిని, ఒక ఊరు ఊరంతా పొయ్యి ఆర్పి బయటికి నడవడాన్ని తీయడానికి ఎవరికీ మనసు రాదు. దీనిలో కథానాయకుడు ఎవరని అడుగుతారు. నేతగాడా, చంటిబిడ్డను ఎత్తుకొని పాకలో కాపురం పెట్టిన ఇల్లాలా, తాళం వేసిన ఇంటివైపు రోజూ చూసుకొనే ముసలివాడా? వీరందరూ. అందరూ కథానాయకులైతే పరిచయ గీతం ఎవరికి పెట్టాలో మనవారికి తెలియదు.

అందుకే నా కోరిక చిన్నది. తోటరాముడు తోటమాలి కొడుకుగానే గెలిచే జానపదం ఒకటి మళ్ళీ రావాలి. ఒంటిని వెక్కిరించని హాస్యం రావాలి. మెల్లగా నిండే చిత్రానికి మూడు వారాలు హాలు దక్కాలి. ఏదో ఒకనాడు చీరాల పేరాల కథ తెర మీదికి రావాలి. అప్పుడు టిక్కెట్టు కొనడానికి నేను సిద్ధం. మీ ఊళ్ళో కూడా ఇలా తెరకెక్కని కథ ఒకటి ఉండే ఉంటుంది. అదేమిటో చెప్పండి, వినాలని ఉంది.