20 గ్రాములు ఇస్తేనే పేరు

2022 ఆగస్టు 17న గుజరాత్‌లోని దియోదర్ ప్రాంతంలో ఆకాశం నుంచి రాయి పడింది. రావెల్ అనే ఊళ్లో ఓ ఇంటి వరండా పలకలు పగిలాయి. అహ్మదాబాద్ భౌతిక పరిశోధన ప్రయోగశాల శాస్త్రవేత్తలు పరీక్షిస్తే అది ఆబ్రైట్ అని తేలింది. భారత్‌లో అంతకుముందు ఆబ్రైట్ పడింది 1852లో, ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని బస్తీ దగ్గర.

ఇందులో ఎక్కువ భాగం ఇనుము దాదాపు లేని ఎన్‌స్టాటైట్ ఖనిజం. అయస్కాంతాన్ని నమ్ముకున్నవాళ్లు ఇలాంటి తెల్లరాయిని ఉల్కే కాదని పారేసే ప్రమాదముంది. ఖనిజాల కూర్పు, ఆక్సిజన్ ఐసోటోపుల నిష్పత్తి చూస్తేగానీ జాతి తేలదు. ఆపైన మెటియొరిటికల్ సొసైటీ పేరు ఖాయం చేయాలంటే 20 గ్రాములో, మొత్తంలో ఐదో వంతో, ఏది తక్కువైతే అది గుర్తింపున్న సంస్థకు అప్పగించాలి. 50 గ్రాముల రాయికైతే 10 గ్రాములు. అమ్ముకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ ఆ ముక్క భద్రంగా లేకపోతే రేపు మరో ప్రయోగశాల ఆ ఫలితాన్ని సరిచూసేదెలా?