వినేవారి చెవి

"వచ్చాడు" అన్న మాట చివర మనము గొంతు లేపితే ప్రశ్న, దించితే జవాబు. మాట మాత్రం అదే. నైజీరియా దేశపు యోరుబా భాషలో మాటే మారిపోతుంది. "ఒకొ" అని సమంగా పలికితే భర్త, చివర లేపితే పార, దించితే బండి!

తాతగారి బొంగురు గొంతు, మనుమరాలి సన్నని గొంతు ఒకటి కావు గదా, వినేవారికి ఎలా తెలుస్తుంది? వారు గొంతు ఎత్తును కొలవరు. పక్క అక్షరముకంటె పైకి లేచిందా, దిగిందా అని పోల్చుకుంటారు.

1884లో యోరుబాలో పూర్తి బైబిలు వెలువడింది. అయితే పాశ్చాత్య రాగాలలో కీర్తనలు పాడినప్పుడు, మాట దిగవలసిన చోట రాగం లేచి అర్థం చెదిరేది. తర్వాత మాట నడకకు తగిన రాగాలు కట్టుకున్నారు.

మన సంఘాలలో పాటలు నేర్పేవారికి మేము చెప్పేదీ ఇదే: రాగముతోపాటు వినేవారి చెవినీ తలంచండి.