ట్యాబ్ తోఫా కాదు, హిసాబ్ చెప్పండి

తోఫా ఇచ్చినవాళ్ళని ఎవరూ హిసాబ్ అడగరు. అడిగితే బేఅదబీ అంటారు. సర్కార్లకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే 2022 డిసెంబర్ 21న, అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి పుట్టినరోజు నాడు, బాపట్ల జిల్లా యడ్లపల్లిలో స్టేజీ కట్టి ఎనిమిదో తరగతి పిల్లలకి ట్యాబ్‌లు పంచడం మొదలుపెట్టారు. టీచర్లవి కూడా కలిపితే 5 లక్షలకు పైగా. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. మరుసటి ఏడాది అదే తారీఖున చింతపల్లిలో రెండో విడత. మన ఇళ్ళల్లోనూ ఖుషీయే. అమ్మీలు దుఆలు ఇచ్చారు, అబ్బాలు ఫోటో తీసి స్టేటస్ పెట్టుకున్నారు. ఆ ఖుషీని నేను తప్పుపట్టను. పంక్చర్ షాపులో కూర్చునే మనిషి బిడ్డ చేతికి అంత ఖరీదైన సామాను రావడం చిన్న సంగతి కాదు.

నా ఝగడా అంతా ఆ తోఫా అన్న మాటతోనే. పైసా ఎవరి జేబులోది? మనం సబ్బుబిళ్ళ కొన్నా కట్టే పన్నులోది. అది ఖజానాలో పెట్టిన మన అమానత్. అమానత్‌కి హిసాబ్ ఉంటుంది, ఉండాలి. ట్యాబ్‌లు వచ్చాయి సరే, ప్లాన్ ఏదీ? మూడో ఏడు బ్యాటరీ ఉబ్బితే ఎవరు మారుస్తారు? సిలబస్ మారితే పాఠాలు ఎవరు మారుస్తారు? పాఠాలు ఇచ్చిన కంపెనీయే కూలిపోతే? ఆఖరి సవాల్ అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే మనహూస్ మాటలు వద్దని కసిరేవాళ్ళు. 2024 జూలైలో క్రికెట్ బోర్డుకి బాకీపడ్డ 158 కోట్ల కేసులో కంపెనీ లా ట్రిబ్యునల్ బైజూస్ మీద దివాలా ప్రక్రియ మొదలుపెట్టింది. పాఠాలు ఉచితంగా ఇస్తున్నారు కదా అని అప్పుడు చప్పట్లు కొట్టాం. ముఫ్త్‌లో వచ్చిన పాఠానికి రేపటి పూచీ ఎవరిదని ఎవరమూ అడగలేదు.

ఇది ఒక్క పార్టీ తప్పు అనుకునేవాళ్ళు ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 5 వేల హైస్కూళ్ళకి కంప్యూటర్లు వచ్చాయి. దానికో పద్ధతి: కంపెనీ వచ్చి ల్యాబ్ పెడుతుంది, 5 ఏళ్ళు నడుపుతుంది, తర్వాత బడికి అప్పజెప్పి వెళ్ళిపోతుంది. వినడానికి బాగానే ఉంది. ఐదేళ్ళు నిండాయి, కంపెనీలు వెళ్ళిపోయాయి. కాంట్రాక్టు కంప్యూటర్ సార్లు నౌకరీలు పోయి ధర్నాలకి కూర్చున్నారు. మౌస్ పట్టుకోవడం తెలిసిన ఒక్క మనిషీ లేని బడికి పది కంప్యూటర్లు అప్పజెప్పడం అంటే ఏమిటి? తాళం వేయమని చెప్పడమే. వేశారు. నాకు తెలిసిన ఒక బడిలో ఆ గదిలోనే తర్వాత మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలు పేర్చారు. బియ్యం తినడానికైనా పనికొచ్చింది, శుకర్ అల్హమ్దులిల్లాహ్.

ఈ బీమారీ ముల్క్ దాటి కూడా ఉంది. అమెరికాలో మనవాళ్ళ పిల్లలు చదివే సర్కారీ బడులు చాలావరకు స్కూల్ డిస్ట్రిక్ట్‌ల కింద నడుస్తాయి. లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ అక్కడ పెద్దవాటిలో రెండోది. 2013లో ఆ డిస్ట్రిక్ట్ పెద్ద జాన్ డేసీ ప్రతి పిల్లకీ ఐప్యాడ్ ఇస్తానన్నాడు. బడుల్లో వైఫై ఖర్చుతో కలిపి 130 కోట్ల డాలర్ల ఖ్వాబ్ అది. పియర్సన్ కంపెనీ పాఠాలు సగం తయారై ఉండగానే కొన్నారు. పిల్లలు కొన్ని రోజుల్లోనే తాళాలు తప్పించి ఫేస్‌బుక్ చూసుకున్నారు (పిల్లలంటే అంతే, అందులో వింత ఏముంది). ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాని పిల్లలకి ఆ పాఠాల్లో తగిన సదుపాయం లేదని తర్వాత అధికారులే ఫిర్యాదు చేశారు. 2014 అక్టోబర్‌లో డేసీ రాజీనామా. డిసెంబర్‌లో ఎఫ్‌బీఐ వచ్చి కాగితాలు పట్టుకెళ్ళింది. అంత దౌలత్ ఉన్న షహర్‌లోనూ ముందు సామాను కొన్నారు, దానితో ఏం చేద్దామన్నది తర్వాత ఆలోచించారు. ఇంటి భాష వేరైన పిల్లల సంగతి అన్నిటికంటే ఆఖర్న గుర్తొచ్చింది.

అలా కాకుండా జరిగిన చోటు చూడాలంటే అమెరికా అక్కర్లేదు, కేరళ చాలు. అక్కడ ఐటీ ఎట్ స్కూల్ 2001లో మొదలైంది, తర్వాత కైట్ అనే సర్కారీ సంస్థ అయింది. ప్రతి హైస్కూల్లో ఐటీ బాధ్యత కోసం ఒక టీచర్ ఉంటారు. బయటి కంపెనీ మనిషి కాదు, రోజూ అదే బడిలో పాఠం చెప్పే టీచరే. మిషన్ చెడితే ఎవరిని అడగాలో ప్యూన్ నుంచి హెడ్మాస్టర్ దాకా అందరికీ తెలుసు. డబ్బు కట్టక్కర్లేని లైనక్స్ మీద నడుపుతారు కాబట్టి ఏటా లైసెన్సుల కోసం ఎవరి దయా అక్కర్లేదు. పిల్లల్లోనే లిటిల్ కైట్స్ అని జట్లు కట్టి వాళ్ళకీ పని నేర్పుతారు. మలప్పురం ముస్లిం పిల్లలకి దక్కింది కర్నూలు, కరీంనగర్ ముస్లిం పిల్లలకి ఎందుకు దక్కకూడదు? డబ్బు లేక అంటే నేను ఒప్పుకోను. సమగ్ర శిక్ష కింద హైస్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌కి 6.40 లక్షల దాకా, దాన్ని నడపడానికి 5 ఏళ్ళ పాటు ఏటా 2.40 లక్షల దాకా ఇచ్చే వీలుంది. ఆ రెండో అంకె మీదే నా నజర్. మొదటి అంకెతో రిబ్బన్ కత్తిరిస్తారు, ఫోటో వస్తుంది. రెండో అంకెతో కరెంటు బిల్లు, మనిషి జీతం కట్టాలి, దానికి ఫోటో రాదు.

ఇప్పుడు మన సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంటుంది, మొత్తం సభ్యుల్లో సగం ఆడవాళ్ళు ఉండాలంటుంది. 22వ సెక్షన్ ప్రకారం బడి అభివృద్ధి ప్లాన్ రాయాల్సింది ఆ కమిటీయే. కింద బడి నుంచి మండలానికి, మండలం నుంచి జిల్లాకి, అక్కడి నుంచి పైకి ప్లాన్ వెళ్ళాలన్నది పద్ధతి. జరిగేది ఉల్టా. పైన ఎవరో కొంటారు, కింద హెడ్మాస్టర్ సంతకం పెడతాడు, అమ్మీలు వేలిముద్ర వేస్తారు. ఆ కాగితంలో ఏం రాసి ఉందో చదివి వినిపించిన మీటింగ్ మీలో ఎంతమంది చూశారు?

మష్వరా లేకుండా ఇంట్లో నికాహ్ కుదర్చం. మస్జిద్ కమిటీ ఎన్నికంటే ఇషా తర్వాత అర్ధరాత్రి దాకా బహస్. మైకు కొనడానికి మూడు మీటింగులు, పాత ముతవల్లీ రసీదుల మీద పంచాయితీ. మాషాఅల్లాహ్, హిసాబ్ అడగడం మనకి రాదని ఎవరన్నారు? అదే మనిషి బడి కమిటీ మీటింగ్ అంటే దుకాణం వదిలి రాలేనంటాడు. ఇంకొందరు హజ్రత్‌లు ఉన్నారు. స్క్రీన్ అంటేనే ఫసాద్, పిల్లలు పాడైపోతారు, మనకెందుకు ఆ గొడవ అంటారు. వాళ్ళ బయాన్ యూట్యూబ్‌లో వస్తుంది. పిల్లలు పాడవుతారన్న ఫికర్ నిజమైతే ఆ మీటింగులో అందరికంటే ముందు కుర్చీ వేసుకుని కూర్చోవాల్సింది వాళ్ళే. ఏ యాప్ పెడుతున్నారు, ఎన్ని గంటలు చూపిస్తారు, పిల్ల పేరూ ఫోటో ఎవరి చేతికి వెళ్తాయి అని అడగాల్సింది వాళ్ళే. ఇంట్లో కూర్చుని హరామ్ అనేస్తే అడిగే పని తప్పిపోతుంది కదా, ఆసాన్.

ఉర్దూ మీడియం బడుల హాల్ ఇంకా వేరు. ఉర్దూ పుస్తకాలు ఏళ్ళ తరబడి ఇన్‌పేజ్‌లో కూర్చారు. అందులో కూర్చింది చాలావరకు బొమ్మలాగే కంప్యూటర్‌లోకి వస్తుంది. అందులో ఒక లఫ్జ్ వెతకలేం. చూపులేని పిల్లకి కంప్యూటర్ చదివి వినిపించలేదు. యూనికోడ్‌లో మళ్ళీ కూర్చితే ఇవన్నీ అవుతాయి. అది పెద్ద సైన్స్ కాదు, ఎవరో ఒకరు ప్లాన్‌లో ఒక లైన్ రాయాలి. తరగతి గోడకి పెద్ద స్మార్ట్ ప్యానెల్ తగిలిస్తారు. దాని మీద నస్తాలీఖ్ ఫాంటు ఉందా, ఉర్దూ కీబోర్డు ఉందా అని కొనేముందు అడిగే మనిషి ఆ గదిలో లేడు. లేడు కాబట్టే ఉండదు. ఇప్పుడిక ఏఐ వంతు. తెలంగాణలో 2025లో కొన్ని ప్రైమరీ బడుల్లో ఏఐ సాయంతో పాఠాలు మొదలయ్యాయి. ఇంట్లో దక్నీ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు నడిచే మన పిల్లల జబాన్‌ని ఆ మిషన్ ఏ లెక్కన కొలుస్తుంది? తక్కువ మార్కు వేస్తే, పిల్లకి రాలేదంటామా, మిషన్‌కి రాలేదంటామా? ఈ సవాల్ ఆ మిషన్ మీ బడికి రాకముందే కమిటీ రిజిస్టర్‌లో రాయించాలి.

మా పిల్లలు ప్రైవేటులో ఉన్నారు అనేవాళ్ళకి ఒక్క మాట. మీ చెల్లెలి పిల్లలు ఎక్కడున్నారు? మీ ఇంట్లో పనిచేసే ఖాలా మనవరాలు ఎక్కడ చదువుతోంది?

మీ బడిలో కంప్యూటర్లు ఎన్ని, అందులో పనిచేసేవి ఎన్ని అని హెడ్మాస్టర్ ఏటా యూడైస్‌లో నింపుతాడు. బడి పేరు కొట్టి ఆన్‌లైన్‌లో రిపోర్ట్ కార్డ్ తీసుకోవచ్చు. ఆ కాగితం పట్టుకుని బడికి వెళ్ళి తలుపు తీయించి చూడండి. కాగితంలో ఉన్నవి గదిలో లేకపోతే జిల్లా విద్యాధికారి ఆఫీసులో 10 రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ నడపడానికి ఏటా వచ్చే డబ్బు మూడేళ్ళుగా ఎంత వచ్చింది, దేనికి పోయింది, జిల్లా ప్లాన్‌లో ఉర్దూ మీడియం బడుల కోసం ఏం రాశారు అని అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఉర్దూ రెండు రాష్ట్రాల్లోనూ రెండో అధికార భాష కాబట్టి దరఖాస్తు ఉర్దూలోనే రాయండి. జవాబు ఏ భాషలో వస్తుందో చూసి నాకు కూడా చెప్పండి.