గుడారం వేసే ముందు మత్తడి చూడండి!

చుట్టూ గుట్టలు, మధ్యలో సముద్రాన్ని తలపించే నీళ్లు, ఒడ్డున ఓ చిన్న గుడారం, తెల్లవారుజామున మంచు తెర మెల్లగా తొలగుతుంటే కనిపించే కొంగల బారు... ఇదంతా చూడాలంటే కాశ్మీరుకో కెనడాకో వెళ్లాలా? అక్కర్లేదు. కురవి వీరభద్రస్వామికి ఓ దండం పెట్టుకుని బయల్దేరితే చాలు. బయ్యారం, పాఖాల, రామప్ప, లక్నవరం... కాకతీయుల నాటి చెరువులు పొద్దున వెళ్లి సాయంత్రానికి చేరుకునేంత దూరంలోనే ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. ఏ చెరువుకి వెళ్లాలి? ఏ నెలలో? రాత్రికి ఏ ఒడ్డున ఉండాలి?

చాలామంది ఈ ప్రశ్నలకి జవాబు ఫొటోల్లో వెతుక్కుంటారు. కానీ ఇవి వాటంతటవే ఏర్పడిన సరస్సులు కావు. రెండు గుట్టల మధ్య సందు చూసి, అక్కడ కట్ట పోసి, అడవి నుంచి వచ్చే వాగుని ఆపి మనుషులు కట్టిన చెరువులు. ఎనిమిది వందల ఏళ్లుగా పొలాలకు నీళ్లిస్తున్నాయి. కాబట్టి వీటి అందం ఎప్పుడు ఎలా ఉంటుందో, ప్రమాదం ఎక్కడుంటుందో తెలియాలంటే పల్లెల్లో అందరికీ తెలిసిన నాలుగు మాటలు తెలియాలి. కట్ట, తూము, మత్తడి, శిఖం.

నాలుగు మాటల్లో చెరువు

కట్ట సంగతి చెప్పక్కర్లేదు. దాని మీద నిలబడితే ఒకవైపు నీళ్లు, మరోవైపు వరి మళ్లు. సూర్యాస్తమయం చూడ్డానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. తూము అంటే పొలాలకు నీళ్లు వదిలే దారి. యాసంగి పంటకి తూము తెరిచారంటే చెరువు రోజురోజుకీ తగ్గుతుంది. దసరా నాటికి నిండుగా ఉన్న చెరువులో దీవులు ముచ్చటగా కనిపిస్తాయి. అవే దీవులు మే నెలలో మట్టిదిబ్బలుగా మారితే ‘ఫొటోలో ఇలా లేదే’ అని నిట్టూర్చేవాళ్లు ఎందరో. అందులో చెరువు తప్పేం లేదు. అది పుట్టిందే పంట కోసం.

నీళ్లు తగ్గినప్పుడు బయటపడే నేల శిఖం. చదునుగా, పచ్చగడ్డితో, నీళ్లకి రెండడుగుల దూరంలో... గుడారం వేయడానికే పరిచినట్టు ఉంటుంది. కానీ అది చెరువు తనకోసం ఉంచుకున్న చోటు. పైన అడవిలో గట్టి వాన పడితే తెల్లారేసరికి మళ్లీ నీళ్ల కిందికి పోతుంది. పైగా నీళ్ల దగ్గర పైన ఎండినట్టు కనిపించే మట్టి కింద మోకాలి లోతు బురద ఉండొచ్చు.

ఇక మత్తడి. అలుగు అన్నా అదే. చెరువు నిండితే అదనపు నీళ్లు పొర్లిపోయే దారి. ఎండిపోయినప్పుడు ఆ వాగు తెల్లటి ఇసుకతో, నున్నటి బండలతో పార్కులా ఉంటుంది. మంట వేసుకుని పాటలు పాడుకోవడానికి కుర్రకారు ఎంచుకునేదీ దాన్నే. అసలు రాత్రిపూట ఉండకూడని చోటు ఏదన్నా ఉందంటే అదే!

ఆకాశం చెప్పదు... వాగు చెబుతుంది

ఈ హెచ్చరిక ఊరికే కాదు. 2023 జులై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలంలోని ముత్యంధార జలపాతం చూడ్డానికి వెళ్లిన దాదాపు 80 మంది పర్యాటకులు తిరిగి వచ్చే దారిలో వాగు పొంగి అడవిలో చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు నడిచి దాటిన వాగే అది! విపత్తు నిర్వహణ బలగాలు వెళ్లి వాళ్లని బయటికి తెచ్చాయి. ఆ మర్నాటికి రామప్ప గుడికి దగ్గర్లోని లక్ష్మీదేవిపేటలో ఇరవై నాలుగు గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన నమోదైంది. జంపన్నవాగు కొండాయి గ్రామాన్ని ముంచెత్తి ప్రాణాలు తీసింది.

ఆ మరుసటి ఏడాది, 2024 సెప్టెంబరు 1న, మహబూబాబాద్ జిల్లాలో ఆకేరు పొంగింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది. అదే రోజు మున్నేరు ఖమ్మం కాలనీల్లోకి వచ్చింది. ఆ మున్నేరు పుట్టేది ఎక్కడో తెలుసా? అందరూ ముచ్చటపడి ఫొటోలు దిగే పాఖాల దగ్గరే. అందుకే ఈ ప్రాంతంలో రాత్రి బసకి వెళ్లేవాళ్లు తల మీది ఆకాశాన్ని కాదు, ఎగువన వానలు ఎలా ఉన్నాయో కనుక్కోవాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా పగటిపూట చూసి వచ్చేయడమే మేలు. అక్టోబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా గుడారాల కాలం. చెరువు నిండుగా ఉంటుంది, దోమలు కాస్త తగ్గుతాయి, చలి సరదాగా ఉంటుంది.

ఏ చెరువు ఎవరికి?

కురవికి దగ్గర్లో ఉన్నది బయ్యారం పెద్దచెరువు. దీన్ని తవ్వించింది గణపతిదేవుడి సోదరి మైలాంబ. పెట్టిన పేరు ధర్మకీర్తి సముద్రం. ఆమె వేయించిన శాసనం కాకతీయుల వంశవృక్షాన్ని చెప్పే ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి. ఒక్క పూట వనభోజనానికి, పిల్లలకి చరిత్ర పాఠం కథలా చెప్పడానికి దీన్ని మించింది లేదు. కురవి కూడా తక్కువదేం కాదు. కాకతీయులకన్నా ముందు ముదిగొండ చాళుక్యులు ఏలిన కొరవి ఇదే. ఇక్కడి పదో శతాబ్దపు శాసనానికి తెలుగు వచనం చరిత్రలో గొప్ప చోటుంది.

నిశ్శబ్దం కావాలంటే పాఖాల. నర్సంపేట నుంచి పన్నెండు కిలోమీటర్లు. గణపతిదేవుడి కాలంలో కట్టిన ఈ చెరువు విస్తీర్ణం దాదాపు 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూ ఉన్నది అభయారణ్యం. అంటే, నచ్చిన చోట గుడారం వేసే వీల్లేదు. అటవీశాఖ అనుమతి ఉండాలి, వాళ్లు చూపించిన చోటే ఉండాలి. నీళ్లలో మొసళ్లు ఉంటాయి. ఈత సరదా ఇంటి దగ్గరే తీర్చుకుని రావాలి! పక్షుల్ని చూసేవాళ్లకి, మాటలు తగ్గించి చెవులు తెరిచేవాళ్లకి మాత్రం ఇది స్వర్గం.

పిల్లాపాపలతో, అమ్మానాన్నలతో వెళ్లేవాళ్లకి లక్నవరం. గోవిందరావుపేట మండలంలో, గుట్టల నడుమ దీవులతో ఉన్న ఈ చెరువులో వేలాడే వంతెనలున్నాయి, పడవలున్నాయి, దీవి మీదే పర్యాటక శాఖ కాటేజీలున్నాయి. స్నానాల గదికీ వేడి భోజనానికీ ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా జనంతోనే. ఆదివారం వెళితే వంతెన మీద తిరునాళ్లే. మంగళ, బుధవారాల్లో వెళితే అదే చెరువు మీ ఒక్కరిదే అనిపిస్తుంది.

పెద్దవాళ్లు గుడి కూడా కావాలంటే రామప్ప. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చాలామంది నాట్యగత్తెల శిల్పాలు, నీళ్లలో తేలే ఇటుకల కబుర్లు విని తిరిగి వెళ్లిపోతారు. కూతవేటు దూరంలోని చెరువు కట్టెక్కరు. గుడీ చెరువూ కలిస్తేనే రామప్ప. పొద్దున్నే గుడి, సాయంత్రం కట్ట... అలా పెట్టుకోండి.

చెరువుకన్నా అడవి ముఖ్యం అనుకుంటే తాడ్వాయి. అటవీశాఖ గుడిసెల్లో బస చేయొచ్చు. అయితే 2024 ఆగస్టు 31న ఇక్కడి అడవిలో వీచిన గాలికి ఒక్క సాయంత్రంలో వేల చెట్లు కూలిపోయాయి. అందుకే గాలివాన సూచన ఉన్నప్పుడు చెట్ల కింద గుడారం వద్దు. ఇంకో మాట. మేడారం జాతర జరిగే ఏడాది మాఘమాసంలో ఈ దారి మొత్తం సమ్మక్క, సారలమ్మ భక్తులదే. 2024, 2026ల్లో జరిగింది కాబట్టి లెక్క తేలికే.

అతిథిలా ఉండాలి

అభయారణ్యంలో ఇష్టం వచ్చినట్టు నిప్పు రాజేయడాన్ని 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం ఒప్పుకోదు. ఫిబ్రవరి దాటితే ఎండుటాకులు మోకాలెత్తు పేరుకుంటాయి. చల్లారిందనుకున్న నిప్పు గాలికి లేచి గుట్ట మొత్తాన్ని కాల్చేస్తుంది. మార్చిలో ఇప్పపూలు ఏరుకుని నాలుగు రూపాయలు చేసుకునే కోయ కుటుంబాలకి ఆ నష్టం ఎవరు తీరుస్తారు?

మనం వదిలేసిన ప్లాస్టిక్ కవర్లు తూముకి అడ్డం పడతాయి. శిఖంలో పగిలిన సీసా పెంకు వల భుజాన వేసుకుని వచ్చే ముదిరాజుల పాదంలోనో, బర్రె కాలిలోనో దిగుతుంది. వెళ్లేవాళ్లకి అది ఒక్క రాత్రి సరదా. అక్కడివాళ్లకి ఏడాది బువ్వ.

అందుకే చెరువు దగ్గరికి చేరగానే చేయాల్సిన మొదటి పని గుడారం విప్పడం కాదు. ఊళ్లో ఏ పెద్దాయన్నో, చేపలు పట్టే అన్ననో పలకరించండి. ‘మత్తడి ఎటు పడుద్దే? నీళ్లు ఎక్కడిదాకా వస్తయే?’ అని అడగండి. చేయి చాపి చూపిస్తాడు. ఆ గీతకి పైన, గట్టి నేల మీద, వాగుకి దూరంగా, చీకటి పడకముందే గుడారం వేసుకుంటే ఇక హాయిగా నిద్రపోవచ్చు.

ఇలా వెళ్లాలి: కాజీపేట-విజయవాడ మార్గంలో మహబూబాబాద్ స్టేషన్‌లో దిగితే కురవికి సుమారు పది కిలోమీటర్లు. పాఖాలకి నర్సంపేట మీదుగా, రామప్ప, లక్నవరం, తాడ్వాయిలకు వరంగల్-ములుగు దారిలో వెళ్లాలి. బస ముందే ఖాయం చేసుకోవాలి. టార్చిలైటు, దోమతెర, తాగునీళ్లు, చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఓ సంచీ తప్పనిసరి. అడవిలో ఫోను పలకని చోట్లు చాలా ఉన్నాయి. ఎక్కడికి వెళ్తున్నదీ, ఎప్పుడు వచ్చేదీ ఇంట్లో చెప్పి మరీ బయల్దేరండి.